రిమోట్ ఎవరి చేతిలో ఉంది?

ముందే చెప్పేస్తున్నా, ఇది కొత్త టెక్నాలజీ గురించి కాదు. ఇన్‌ఫ్రారెడ్ రిమోట్ గురించి. అంటే సోఫా సందుల్లో దూరిపోయి, సెల్లు అయిపోతే అరచేతిలో రెండు దెబ్బలు తిని మళ్ళీ పనిచేసే ఆ పాత టీవీ రిమోట్ గురించి. దాంతో కంప్యూటర్ని నడిపించుకోవచ్చని మనలో చాలామందికి తెలుసు. కాలేజీ రోజుల్లో ఒకసారి ముచ్చటపడి చేసి, ఫ్రెండ్స్ ముందు మంచం మీద పడుకునే పాట మార్చి చూపించి, తర్వాత మర్చిపోయి ఉంటాం. నేనూ అంతే. అది ఆడుకునే వస్తువు కాదని, ఒక మనిషికి చాలా పెద్ద అవసరం కాగలదని నాకు 2021లో తెలిసింది.

మా అమ్మమ్మగారి ఊరు ఉయ్యూరు దాటాక బందరు రోడ్డు మీంచి లోపలికి వెళ్ళాలి. పక్కనే కాలవ, చుట్టూ వరి, అక్కడక్కడా చెరకు. 2020లో ఆఫీసులు ఇళ్ళకి వచ్చేసినప్పుడు నేను హైదరాబాదు రూము ఖాళీ చేసి కొన్నాళ్ళు విజయవాడలో, కొన్నాళ్ళు ఆ ఊళ్ళో ఉండి పనిచేశా. ఆ మరుసటి ఏడాది తాతయ్యకి పక్షవాతం వచ్చింది. ప్రాణానికి ప్రమాదం తప్పింది కానీ కుడిచెయ్యి పడిపోయింది. మాట ముద్దముద్దగా వస్తుంది. ఎడమచేత్తో గ్లాసు పట్టుకోగలడు, కానీ వణుకు.

తాతయ్యకి రేడియో ప్రాణం. విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలైంది 1948 డిసెంబరు 1న. అంటే ఆయనా ఆ కేంద్రమూ ఇంచుమించు ఒక ఈడువాళ్ళన్నమాట. పొద్దున్న ప్రాంతీయ వార్తలు, ఆదివారం ఉషశ్రీ గారి ధర్మసందేహాలు, ఘంటసాల పద్యాలు.. ఇవే ఆయన లోకం. ఉషశ్రీ పురాణం చెబుతుంటే వీధిలో మనిషి కనపడేవాడు కాదని ఎన్నిసార్లు చెప్పి ఉంటాడో! రేడియో పాడైపోయాక మా బాబాయి 2007లో కొన్న పాత డెస్క్‌టాప్ ఆ ఇంటికి చేరింది. అందులో ప్రవచనాలూ పాటలూ నింపి పెట్టాం. జబ్బు చేయకముందు తాతయ్య మౌసు పట్టుకుని, నాలిక బయటపెట్టి, శ్రద్ధగా డబుల్ క్లిక్ చేసుకునేవాడు.

జబ్బు చేశాక మౌసు అసాధ్యం. ఎడమచేత్తో బాణం గుర్తుని ఫైలు మీదకి తెచ్చేలోపు అది ఇంకోచోటికి పోతుంది. స్మార్ట్‌ఫోన్ ఇచ్చాం. టచ్ స్క్రీన్‌కి వణికే వేలు ఇంకా పెద్ద శత్రువు, ఒకచోట నొక్కితే మూడు తెరుచుకుంటాయి. దాంతో మొదట్లో అమ్మనో అమ్మమ్మనో పిలిచి పెట్టించుకునేవాడు. అమ్మమ్మ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి పెట్టేది. నేను మీటింగులో ఉంటే ఓ పది నిమిషాలు ఆగమని చెయ్యి ఊపేవాణ్ణి.

కొన్ని వారాలకి ఆయన పిలవడం మానేశాడు.

మేమంతా ఏమనుకున్నామంటే, పాపం ఆసక్తి పోయింది, జబ్బు మనిషి కదా అని. డాక్టరుగారితో కూడా అదే చెప్పాం. ఒకరోజు మధ్యాహ్నం నేను ఏదో పనిలో ఉండి ఉషశ్రీ రామాయణం పెట్టా. తాతయ్య గోడవైపు తిరిగి పడుకున్నవాడు ఇటు తిరిగాడు. కళ్ళనిండా నీళ్ళు. "ఒరేయ్ అబ్బాయ్, రోజుకి ఎన్నిసార్లని అడగనురా" అన్నాడు, ఒక్కొక్క మాటా కూడబలుక్కుని. ఆ మాట ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది. ఆసక్తి ఎక్కడికీ పోలేదు. అడిగి పెట్టించుకోవడమే ఆయనకి కష్టమైంది. ఆ ఇంట్లో ఇంజనీరింగ్ చదివినవాణ్ణి ఒకణ్ణి ఉండి, అది నెలల తరబడి గమనించలేదు.

ఆయన పక్కనే మంచం మీద ఒక వస్తువు పడి ఉంది. టీవీ రిమోట్. దాన్ని ఎడమ బొటనవేలితో ఆయన చక్కగా నొక్కగలడు! ఎందుకంటే రబ్బరు బటన్ కిందకి దిగుతుంది, దిగినట్టు వేలికి తెలుస్తుంది, చూడక్కర్లేదు, గురి అక్కర్లేదు. ఇరవయ్యేళ్ళుగా అలవాటైన వస్తువు. ఆయనకి వచ్చిన ఇంటర్ఫేసుని వదిలేసి, రాని ఇంటర్ఫేసులు ఒకదాని తర్వాత ఒకటి నేర్పిస్తూ కూర్చున్నామన్నమాట.

సరే, అసలు సంగతికి వద్దాం. ఎలా పనిచేస్తుందో కాస్త చెబుతా, తర్వాత నా అభిప్రాయం చెబుతా.

రిమోట్ ముందు భాగంలో ఉండే చిన్న బల్బు మన కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ కాంతిని ఇస్తుంది. ఫోన్ కెమెరాలోంచి చూస్తే చాలా ఫోన్లలో అది ఊదారంగులో మెరుస్తూ కనిపిస్తుంది (రిమోట్ పాడైందా, సెల్లు అయిపోయాయా తెలుసుకోవడానికి ఇది మంచి చిట్కా). ఆ కాంతి ఊరికే వెలగదు. సెకనుకి 38 వేలసార్లు ఆరి వెలుగుతుంది. గదిలో ఎండా, దీపాలూ ఇచ్చే ఇన్‌ఫ్రారెడ్‌తో కలిసిపోకుండా ఈ ఏర్పాటు. ఇది అందరికీ ఒకటే కాదు. ఫిలిప్స్ వాళ్ళ ఆర్‌సీ-5 పద్ధతిలో 36 వేలు, సోనీ వాళ్ళ పద్ధతిలో 40 వేలు. మన దగ్గర ఎక్కువగా కనిపించేది ఎన్‌ఈసీ పద్ధతి. అందులో ముందు 9 మిల్లీసెకన్ల వెలుగు, 4.5 మిల్లీసెకన్ల చీకటి, ఆ తర్వాత 32 బిట్లు. ఏ పరికరానికి అనేది 8 బిట్లు, అవే తిరగేసి మళ్ళీ 8. ఏ బటన్ అనేది 8, అవి కూడా తిరగేసి 8. అంటే చెప్పిందే తిరగేసి ఇంకోసారి చెబుతుంది. రెండూ సరిపోలకపోతే అవతలివాడు పట్టించుకోడు. ఇంత చిన్న విషయంలో ఎంత జాగ్రత్తో చూడండి.

కంప్యూటర్ వైపు ఈ కాంతిని పట్టుకోవడానికి మూడు కాళ్ళ బుల్లి భాగం ఒకటి కావాలి. మన ఇంజనీరింగ్ కాలేజీ ప్రాజెక్టుల్లో అందరూ వాడిన టీసాప్ 1738 అదే. నేను గవర్నరుపేటలో ఓ చిన్న విడిభాగాల షాపుకి వెళితే ఆయన దానికి బదులు 4838 ఇచ్చాడు, అదీ 38 కిలోహెర్ట్జే. ఇంటికొచ్చి పాత బొమ్మ చూసుకుని సోల్డరింగ్ చేశా. చెయ్యి పెడితే కాలిపోయేంత వేడి! సంగతేమిటంటే 1738కి కాళ్ళ వరస గ్రౌండు, వోల్టేజీ, అవుట్‌పుట్. 4838కి అవుట్‌పుట్, గ్రౌండు, వోల్టేజీ. మీరు చేస్తే మాత్రం డేటాషీట్ చూడండి. నేను మళ్ళీ విజయవాడ వెళ్ళి ఇంకోటి కొనుక్కొచ్చా. ఈసారి రెండు కొన్నా.

మిగతా సర్క్యూట్ అరచేతిలో సగం కూడా ఉండదు. 2007 నాటి కంప్యూటర్ కాబట్టి వెనకాల తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టు ఉంది. ఏడో పిన్ను, అంటే ఆర్‌టీఎస్, నుంచి కరెంటు తీసుకుని, ఒక 4148 డయోడు, ఒక 78ఎల్05 రెగ్యులేటరు మీదుగా 5 వోల్టులు చేసి టీసాప్‌కి ఇస్తాం. దాని అవుట్‌పుట్ ఒకటో పిన్నుకి, గ్రౌండు ఐదో పిన్నుకి. ఒక రెసిస్టరు, ఒక కెపాసిటరు. అంతే. మొత్తం ఖర్చు విజయవాడ వెళ్ళొచ్చిన బస్సు చార్జీల కంటే తక్కువ.

సాఫ్ట్‌వేర్ పేరు లిర్క్. లినక్స్‌లో 1990ల చివర్నుంచీ ఉంది. దాని డ్రైవర్లు 2010లో లినక్స్ కెర్నెల్‌లోకి చేరడం మొదలైంది. ఇప్పటి కెర్నెళ్ళలో చాలా రిమోట్లని నేరుగా కీబోర్డు లాగా చూపించే ఏర్పాటు కూడా ఉంది. విండోస్ వాళ్ళకి విన్‌లిర్క్, ఈవెంట్‌ఘోస్ట్ ఉన్నాయి. లిర్క్‌లో పని మూడు మెట్లు. మోడ్2 అనే పనిముట్టుతో వెలుగు చీకట్లు అందుతున్నాయా లేదా చూసుకోవడం. ఐఆర్‌రికార్డ్‌తో మన రిమోట్ బటన్లని ఒక్కొక్కటీ నొక్కి నేర్పించడం. ఐఆర్‌ఎగ్జెక్‌కి ఏ బటన్ నొక్కితే ఏ కమాండ్ నడవాలో ఒక ఫైలులో రాసిపెట్టడం. పాటలకి నేను ఎంపీడీ వాడా, తెరమీద ఏమీ తెరుచుకోకుండా వెనకాల పాడుకుంటూ పోతుంది.

దారిలో ఒక గొయ్యి ఉంది, అందరూ పడేదే. సీరియల్ పోర్టుని మామూలు సీరియల్ డ్రైవరు బూటయ్యేటప్పుడే పట్టేసుకుంటుంది. దాన్ని విడిపించకపోతే ఇన్‌ఫ్రారెడ్ డ్రైవరు ఎక్కదు. సెట్‌సీరియల్‌తో విడిపించాలి. ఈ ఒక్క విషయానికి నా శనివారం రాత్రి గడిచిపోయింది.

ఆదివారం మధ్యాహ్నానికి అంతా పనిచేసింది. సాయంత్రం ఆరున్నరకి ఆగిపోయింది! మోడ్2 నడిపితే ఎవరూ ఏమీ నొక్కకుండానే తెరనిండా చెత్త. గంటసేపు వైర్లు పీకి పెట్టాక అమ్మమ్మ లైటు ఆపి దీపం పెట్టడానికి వెళ్ళింది, చెత్త ఆగింది. దోషి ఎవరంటే మంచం పైన ఉన్న పాత సీఎఫ్ఎల్ బల్బు. దాని లోపలి సర్క్యూట్ కూడా పదుల వేల హెర్ట్జ్‌లో కొట్టుకుంటూ ఇన్‌ఫ్రారెడ్ విసురుతుంది. ఎల్‌ఈడీ బల్బు మార్చాం, రిసీవర్ని కిటికీ ఎదురుగా కాకుండా పక్కకి తిప్పాం, గొడవ తీరింది.

ఇంకో గొడవ రిమోట్‌తోనే. ముందు టీవీ రిమోట్‌నే నేర్పించా. ఘంటసాల కావాలని నొక్కితే టీవీలో ఛానల్ కూడా మారింది. ఇన్‌ఫ్రారెడ్‌కి జత కట్టడాలూ పాస్‌వర్డులూ ఏమీ లేవు, వెలుగు చూసినవాడల్లా వింటాడు. అందుకని చచ్చిపోయిన పరికరం రిమోట్ వెతుక్కోవాలి. అటక మీద పాడైపోయిన సెట్‌టాప్ బాక్స్ రిమోట్ దొరికింది. దానిమీద ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, నీలం.. నాలుగు రంగుల బటన్లు. మీ ఇంట్లో రిమోట్ మీద కూడా ఉండి ఉంటాయి, ఎప్పుడైనా నొక్కారా? అవి విదేశాల్లో టెలిటెక్స్ట్ పేజీల కోసం పుట్టినవి. మన దగ్గర చాలా ఇళ్ళల్లో వాటిని ముట్టుకున్నవాడు ఉండడు.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి, ఎందుకంటే అసలు చెప్పదలుచుకున్నది ఇదే. రిమోట్ మీద నలభైకి పైగా బటన్లు ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ ఇంజనీరుకి అన్ని ఖాళీ బటన్లు కనపడితే చెయ్యి ఊరుకుంటుందా? ఇరవైనాలుగు పనులు పెట్టా. పాటల ఫోల్డర్లు, రిపీట్, షఫుల్, ఫోటోలు, వాతావరణం, స్లీప్ టైమరు.. మెనూ నొక్కితే మోడ్ మారి అవే బటన్లు వేరే పనులు చేస్తాయి. నా దృష్టిలో అద్భుతం. తాతయ్యకి అరగంట డెమో ఇచ్చా, క్లయింటుకి ఇచ్చినట్టే. ఆయన అంతా విని తల ఊపాడు, అచ్చం క్లయింటు లాగే. మర్నాడు రిమోట్ ముట్టుకోలేదు.

మూడోరోజు అడిగితే "ఎక్కడ ఏది నొక్కితే ఏం పాడవుద్దోనని భయంరా" అన్నాడు.

అన్నీ తీసేశా. ఎరుపు నొక్కితే వార్తలు. ఆకుపచ్చ ఉషశ్రీ. పసుపు ఘంటసాల. నీలం ఆపడం. ఇవి కాక సౌండు పెంచడం, తగ్గించడం. మొత్తం ఆరు. మిగతా బటన్లన్నిటి మీదా నల్ల ఇన్సులేషన్ టేపు అంటించేశా. పొరపాటున నొక్కుకున్నా ఏమీ జరగదు. మోడ్‌లు లేవు. ఎరుపు ఎప్పుడు నొక్కినా వార్తలే, ఏ స్థితిలో ఉన్నా వార్తలే.

అయినా ఒక ఇబ్బంది మిగిలింది. ఆకుపచ్చ మళ్ళీ నొక్కితే తర్వాతి భాగం వస్తుంది. ఆయన వేలు దిగడం నిదానం, లేవడం ఇంకా నిదానం. ఎన్‌ఈసీ రిమోట్లో బటన్ నొక్కి ఉంచితే దాదాపు సెకనుకి తొమ్మిదిసార్లు "ఇంకా నొక్కే ఉన్నారు" అనే చిన్న సంకేతం వెళుతుంది. దాంతో ఒక్కసారి నొక్కితే బాలకాండ నుంచి యుద్ధకాండకి పోయేది! లిర్క్ ఫైలులో రిపీట్ సున్నా అని పెడితే ఈ మళ్ళీమళ్ళీలు లెక్కలోకి రావు. వణుకువల్ల వేలు లేచి మళ్ళీ తగిలితే అది కొత్త నొక్కుడు కిందే వస్తుంది కాబట్టి, రెండు సెకన్లలోపు అదే బటన్ మళ్ళీ వస్తే పట్టించుకోవద్దని నాలుగు లైన్ల స్క్రిప్టు రాశా. ఆ నాలుగు లైన్లతో ఆయన చేతి వణుకు కంప్యూటర్ దృష్టిలో లేకుండా పోయింది. నేను ఇప్పటిదాకా జీతం తీసుకుని రాసిన ఏ కోడు గురించీ నాకింత గర్వం లేదు.

ఇంకొకటి. నొక్కాక పని జరిగిందో లేదో ఆయనకి తెలియాలి, నెట్ నిదానంగా ఉంటే వార్తలు రావడానికి టైము పడుతుంది కదా. ముందు ఈస్పీక్ అనే సాఫ్ట్‌వేర్‌తో తెలుగులో చెప్పించా. "ఎవడ్రా ఈ ముక్కుతో మాట్లాడేవాడు" అన్నాడు. అందుకని అమ్మ గొంతు ఫోన్లో రికార్డు చేశాం. ఎరుపు నొక్కితే "నాన్నా, వార్తలు వస్తున్నాయి" అంటుంది. నెట్ లేకపోతే "నాన్నా, నెట్ లేదు, పసుపు నొక్కు, పాటలు వింటా ఉండు" అంటుంది. కరెంటు పోయి వస్తే కంప్యూటర్ తనంతట తను ఆన్ అయ్యేలా బయోస్‌లో పెట్టాం. మా ఊళ్ళో అది లేకపోతే మిగతాదంతా దండగే.

ఇప్పుడు అభిప్రాయం.

మన వృత్తిలో ఒక దురలవాటు ఉంది. కొత్త మనిషి ఎదురైతే మన సాఫ్ట్‌వేర్ ఆయనకి నేర్పించాలని చూస్తాం. ఆయనకి ఇప్పటికే ఏం వచ్చో అడగం. 1956లో అమెరికాలో జెనిత్ కంపెనీకి రాబర్ట్ ఆడ్లర్ చేసిన స్పేస్ కమాండ్ రిమోట్‌లో ఉన్నవి నాలుగే బటన్లు. సెల్లు కూడా లేవు, నొక్కితే లోపలి చిన్న సుత్తి అల్యూమినియం కడ్డీని కొట్టి మనకి వినపడని శబ్దం చేసేది. టీవీ అది వినేది. డెబ్భై ఏళ్ళ తర్వాత మన చేతిలో యాభై బటన్లున్నాయి, వాడేది మాత్రం ఇంచుమించు ఆ నాలుగే.

"ఇంత తంటాలు ఎందుకు, స్మార్ట్ టీవీ కొనచ్చు కదా" అని మా మామయ్య అన్నాడు, కొన్నాడు కూడా. కంపెనీ పేరు అనవసరం. దాని రిమోట్‌కి రంగు బటన్లు లేవు, యాప్‌ల కంపెనీల పేర్లతో బటన్లు ఉన్నాయి. వాటిని మనం మార్చుకోవడానికి లేదు. తాతయ్యకి హోమ్ స్క్రీన్‌లో మూడోదాని మీదకి వెళ్ళి ఓకే నొక్కడం నేర్పాం. పదిహేను రోజుల్లో వచ్చింది. ఆ తర్వాత ఒక రాత్రి అప్‌డేట్ వచ్చింది. పొద్దున్న చూస్తే పైవరసలో సినిమా ప్రకటన, మూడోది ఐదోది అయింది. ఎవరో ఎక్కడో ఏసీ గదిలో కూర్చుని చేసిన చిన్న మార్పు. ఆ మనిషి నాలాంటివాడే, స్ప్రింట్ చివర్లో శభాష్ అనిపించుకుని ఉంటాడు. ఉయ్యూరు పక్కన ఒక ముసలాయన మాత్రం వార్తలు పోగొట్టుకున్నాడు. ఈ ఏడుపు ఎవరికి చెప్పుకోవాలి?

అందుకే అంటున్నా, రిమోట్ ఎవరి చేతిలో ఉందనేది చూడాలి. వస్తువు మన మంచం మీదే ఉంటుంది, ఏ బటన్‌కి ఏం జరగాలో మాత్రం ఇంకెవరో నిర్ణయిస్తారు. పెద్ద కంపెనీలు ఈ గదిలోకి వచ్చి వెళ్ళిపోవడం కొత్తేం కాదు. ఆపిల్ వాళ్ళు 2005లో బుల్లి రిమోట్‌తో ఫ్రంట్ రో తెచ్చారు, 2011లో లయన్‌తో తీసేశారు. మైక్రోసాఫ్ట్ వాళ్ళు 2002లో మీడియా సెంటర్ ఎడిషన్‌తో ఆకుపచ్చ బటన్ రిమోట్‌ని ముందుకు తెచ్చి, 2015లో విండోస్ 10తో మీడియా సెంటర్ని వదిలేశారు. వాళ్ళ వ్యాపారం వాళ్ళది, తప్పు పట్టను. కానీ ఎవరూ అమ్మని లిర్క్ ఇప్పటికీ నడుస్తోంది. ఆ ఫైలులో నేను రాసిన ఆరు బటన్లు నేను మార్చేదాకా మారవు.

వాయిస్ అసిస్టెంట్ సంగతేమిటని మా టీములో ఒకతను అడిగాడు. మాట సరిగ్గా వచ్చేవాళ్ళకి బాగానే ఉంటుంది. పక్షవాతం వచ్చి, కృష్ణా జిల్లా యాసలో, ముద్దగా పలికే తెలుగుని అది గుర్తుపట్టలేదు. మూడుసార్లు చెప్పించుకుని నాలుగోసారి ఇంకేదో పాట పెట్టింది. మాట కోల్పోయిన మనిషికి నీ మాట అర్థం కాలేదని మెషీన్ చేత మళ్ళీమళ్ళీ చెప్పించడం ఎంత క్రూరమో ఆయన మొహంలో చూశా. పైగా దానికి ఎప్పుడూ నెట్ ఉండాలి, ఎప్పుడూ మైకు తెరిచి ఉండాలి. ఇన్‌ఫ్రారెడ్ గోడ దాటదు. మా తాతయ్య ఏం వింటున్నాడో ఆ గదికి తప్ప ఎవరికీ తెలియక్కర్లేదు.

ఒప్పుకోవాల్సినవీ ఉన్నాయి. కొత్త కంప్యూటర్లకి సీరియల్ పోర్టు లేదు. రిమోట్ ఎదురుగా రిసీవర్ కనపడాలి, దుప్పటి అడ్డొచ్చినా పనిచేయదు. నాలాంటి ఒకడు ఇంట్లో ఉండాలి, వాడు హైదరాబాదు వెళ్ళిపోతే ఫోన్లో అమ్మమ్మ చేత వైరు గుచ్చించాలి (గుచ్చించా కూడా, ఆమె నాకంటే బాగా గుచ్చింది). కానీ దారులున్నాయి. రాస్ప్‌బెర్రీ పైకి అదే మూడు కాళ్ళ భాగాన్ని నేరుగా తగిలించవచ్చు, కెర్నెల్‌లోనే డ్రైవరు ఉంది. ఆర్డ్యూనోకి కెన్ షిరిఫ్ 2009లో మొదలుపెట్టిన ఐఆర్‌రిమోట్ లైబ్రరీ ఉంది. సోల్డరింగ్ రానివాళ్ళకి ఫ్లిర్క్ లాంటి యూఎస్‌బీ రిసీవర్లు దొరుకుతాయి, ఏ రిమోట్‌నైనా కీబోర్డుగా చూపిస్తాయి. పరికరం ఏదైనా ఫరవాలేదు. బటన్లు తక్కువ ఉండాలి, వాటి అర్థం మారకూడదు, నొక్కితే జవాబు రావాలి, తప్పు నొక్కితే ఏమీ పాడవకూడదు. మన ఆఫీసుల్లో రాసే డిజైన్ డాక్యుమెంట్లలో ఈ నాలుగు వాక్యాలు ఉంటే చాలనిపిస్తుంది.

మనలో చాలామంది అమ్మానాన్నలు, తాతలు ఊళ్ళల్లో ఉన్నారు. మనం హైదరాబాదు, బెంగుళూరు, డాలస్‌ల నుంచి వాళ్ళకి కొత్త ఫోన్లు పంపిస్తాం. వాడటం రాకపోతే "ఎన్నిసార్లు చెప్పాలి నాన్నా" అని విసుక్కుంటాం. తర్వాత వాళ్ళు అడగడం మానేస్తారు. మానేశారు కదా, అలవాటైపోయిందిలే అనుకుంటాం. నేను అనుకున్నట్టే.

ఆ డెస్క్‌టాప్ ఇంకా నడుస్తోంది. ఫ్యాను కొంచెం గోల చేస్తోంది, మొన్న సంక్రాంతికి దుమ్ము దులిపి నూనె వేశా. రిమోట్ మీద ఎరుపు బటన్ రంగు చెరిగిపోయింది. మార్చనా అంటే వద్దన్నాడు తాతయ్య, వేలికి తెలుసట. పొద్దున్నే అమ్మమ్మ ఇంకా లేవకముందే ఆ ఇంట్లో మా అమ్మ గొంతు "నాన్నా, వార్తలు వస్తున్నాయి" అంటుంది. అమ్మ విజయవాడలో నిద్రపోతూ ఉంటుంది. ఆయన ఎవర్నీ లేపలేదు, ఎవర్నీ అడగలేదు.

మీ ఇంటి అటక మీద కూడా ఒక పాత రిమోట్ ఉండే ఉంటుంది. ఈసారి ఊరెళ్ళినప్పుడు దించండి. దించేముందు మాత్రం ఒకటి అడగండి, "నాన్నా, నీకు రోజూ ఏం వినాలని ఉంటుంది?" అని. బటన్లు ఎన్ని కావాలో ఆ జవాబులోనే ఉంటుంది.